నీళ్ల రిజిస్టరు చూడటానికి పది రూపాయలు

గుంటూరులో మా వీధి ట్యాంకు లైనుకు చిట్టచివర ఉంటుంది. ఎండాకాలం వస్తే కుళాయి ఎప్పుడొస్తుందో, ఎంతసేపు ఉంటుందో వాల్వు తిప్పే అబ్బాయికి తప్ప ఇంకెవరికీ తెలియదు. నేను ఇంట్లో ఇడ్లీపిండి రుబ్బి అమ్ముతాను, నాకు ఆ టైము ముందే తెలియాలి. వార్డు సచివాలయంలో అడిగితే అక్కడి అమ్మాయి "రోజూ ఇస్తూనే ఉన్నాం కదా అక్కా" అంది. ఇస్తున్నారు, కాదనను. వేళ రాసి ఉన్న కాగితం మాత్రం ఆమె దగ్గర లేదు.

సమాచార హక్కు దరఖాస్తు పెట్టమన్నది మా మరిది. తెల్లకాగితం మీద రాసి పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే చాలు. రాయడంలోనే కిటుకు ఉంది. "మా వీధికి నీళ్లు ఎందుకు సన్నగా వస్తున్నాయి?" అంటే జవాబు రాదు, ఆ చట్టం కింద వాళ్లు ఇవ్వాల్సింది ఆఫీసులో ఉన్న రికార్డే. అందుకని ట్యాంకు నింపిన, వదిలిన వేళల లాగ్‌బుక్కు, క్లోరిన్ పరీక్షల రిజిస్టరు, వేసవి ప్రణాళిక అని పేరుపేరునా అడిగాను. నకళ్లు వద్దు, వచ్చి చూసుకుంటానని రాశాను. 2005 చట్టం సెక్షన్ 2(జె) ఆ హక్కు ఇస్తుంది. ముప్ఫై రోజుల గడువు దాటకుండానే రమ్మని ఉత్తరం వచ్చింది.

అక్కడి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు మొదట నన్ను ఏ పార్టీ మనిషో అన్నట్టు చూశారు. నేను పిండి సంగతి చెప్పాక కుర్చీ వేయించారు. ప్రణాళిక మన ఊళ్లో మొదలు కాదమ్మా, నదిలో మొదలవుతుంది అన్నారు. ఉండవల్లి దగ్గర కృష్ణ నీళ్లు తోడి తక్కెళ్లపాడు ప్లాంటులో శుద్ధి చేస్తారు, ఇంకో ప్లాంటు సంగం జాగర్లమూడిలో ఉంది. ప్రకాశం బ్యారేజీ నిండుగా ఉన్నా పట్టేది 3.07 టీఎంసీలే. నదికి పైన 45.77 టీఎంసీల పులిచింతల జలాశయంలో ఎంత మిగిలిందో చూసుకుని వేసవి లెక్క వేస్తారట.

ఊళ్లోకి వచ్చాక లెక్క వేరు. మురుగు పైపులైన్లున్న పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది కేంద్ర ప్రమాణం. పది లక్షల లీటర్ల ట్యాంకు ఒకసారి నిండితే సుమారు 7,400 మందికి సరిపోతుంది. కరెంటు పోయి పంపు ఆగితే ట్యాంకు సగంలోనే వదలాలి, అప్పుడు ఎండేది చివరి వీధి.

మా వంటింటి క్యాలెండరులో పిండి రుబ్బని రోజుల మీద సున్నాలు చుట్టి పెడతాను. ఆ క్యాలెండరు తీసుకెళ్లి లాగ్‌బుక్కు పక్కన పెట్టాను. కొన్ని సున్నాలకు కరెంటు కోత కనబడింది. ఎక్కువ సున్నాలకు మాత్రం ట్యాంకు నిండుగానే ఉంది, వాల్వు ఎప్పటి వేళకే తెరిచారు! మరి నీళ్లేమయ్యాయి? ఏఈ గారు నవ్వి, "మీ ముందు ఇళ్ల వాళ్లు లైనుకే మోటార్లు బిగించారమ్మా" అన్నారు. అందులో ఒకటి దరఖాస్తు పెట్టమన్న మా మరిదిదేనని నాకు అక్కడే గుర్తొచ్చింది.

మోటారుతో పోయేది నీళ్లొక్కటే కాదు. ఖాళీ పైపును లాగితే పగుళ్లలోంచి మురుగు లోపలికి వస్తుంది. 2018 మార్చిలో ఆనందపేటలో కలుషిత నీటితో డయేరియా ప్రబలి ప్రాణాలు పోయిన ఊరు మాది, ఆ మాట వింటే ఒళ్లు జలదరిస్తుంది. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. రిజిస్టరులో అంకెలు బాగున్నాయి, కానీ నమూనాలన్నీ ట్యాంకు కింద తీసినవే. చివరి ఇళ్ల దగ్గర కూడా తీయమని అక్కడే ఒక కాగితం రాసిచ్చాను. వారం తిరక్కముందే ఒకాయన క్లోరోస్కోపు, అంటే క్లోరిన్ ఎంతుందో చూసే చిన్న పెట్టె, పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. మందుచుక్క వేస్తే నీళ్లు లేత పసుపు తిరిగాయి. ఆ రంగును పెట్టెలోని రంగుతో సరిపోల్చి నాకూ చూపించాడు.

ఇక కబురు సంగతి. మరమ్మతుల ప్రకటన పేపరు జిల్లా పేజీలో పడుతుంది, పెద్ద పని అయితే ఆటోకి మైకు కడతారు. మిగతావన్నీ వార్డు వాట్సాప్ గ్రూపులోనే. ఆ గ్రూపులో మా వీధి నుంచి ఉన్నది ఒక్క మాజీ కార్పొరేటరు బావమరిది, ఆయన ఉండేది హైదరాబాదులో. నన్ను చేర్చమని అడిగితే ఏఈ గారు అప్పుడే ఫోను తీశారు. ఇప్పుడు మెసేజీ రాగానే మా పక్కింటి పిల్లాడు దాన్ని పెద్దక్షరాల్లో రాసి రామాలయం గోడకు అంటిస్తున్నాడు. ఫోను లేని ముసలమ్మలు అక్కడ చదివించుకుంటున్నారు.

మోటారు విప్పమంటే మా మరిది, ముందు పైవాళ్లు విప్పాలంటున్నాడు. పైవాళ్లూ అదే అంటున్నారు.