జీడిమెట్ల పర్చేజ్ ఉద్యోగం, బ్రాంప్టన్‌లో వెతుకులాట

జీడిమెట్లలో నేను పొద్దున ఫోన్ చేస్తే సాయంత్రానికి కార్టన్లు గేటు దగ్గర దిగేవి. ఒక మందుల కంపెనీ పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో తొమ్మిదేళ్లు ప్యాకింగ్ మెటీరియల్ చూశాను. అట్టపెట్టెలు, బ్లిస్టర్ ఫాయిల్, పీవీసీ, లేబుళ్లు అన్నీ నా చేతిమీదుగానే వచ్చేవి. ఏ ప్రింటర్ దగ్గర ఎప్పుడు మిషను ఖాళీగా ఉంటుందో, ఎవరికి పండగ ముందు డబ్బు అవసరమో, ఎల్1గా (అందరికంటే తక్కువ ధర చెప్పి) వచ్చినా ఎవరు సరుకు సమయానికి ఇవ్వరో నాకు కంఠతా వచ్చు. 2023 జనవరిలో పీఆర్ (శాశ్వత నివాస హోదా) మీద కెనడా వచ్చి టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో ఇల్లు తీసుకున్నాక చూసుకుంటే, నా ఫోన్‌లో ఉన్న రెండు వందల వెండర్ల నంబర్లలో ఒక్కటీ ఇక్కడ పనికొచ్చేది కాదు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఎక్కడికెళ్లినా అదే కోడ్. కొనుగోళ్ల పని చేసేవాళ్లం మాత్రం మన బలమంతా పరిచయాల్లో ఉందనుకుంటాం, ఆ పరిచయాలేమో విమానం ఎక్కవు.

మొన్న కూకట్‌పల్లి నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, పర్చేజ్‌లో ఏడేళ్లు చేశాను, అక్కడికొస్తే ఇదే లైన్‌లో దొరుకుతుందా, లేకపోతే ముందు ఏదో ఒకటి చేయాలా?" అన్నాడు. దొరుకుతుందిరా, కానీ వచ్చీరాగానే మేనేజర్‌గా దొరకదు, అలాగని ఏదో ఒకటి చేయొద్దు, ఎంత చిన్నదైనా సరుకు కదిలే చోటే చేయి అని చెప్పాను. నెలకు ఇద్దరైనా ఇదే అడుగుతున్నారు కాబట్టి వాడికి గంటసేపు చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను.

మొదటి నాలుగు నెలలు నాకు ఒక్క ఇంటర్వ్యూ రాలేదు. దాదాపు నూట యాభై చోట్ల అప్లై చేసి ఉంటాను. రాత్రిళ్లు మెయిల్ తెరవాలంటేనే టెన్షన్. చివరికి కొత్తగా వచ్చినవాళ్లకు సాయం చేసే ఒక సెంటర్‌కు వెళితే, అక్కడ ఒక పెద్దావిడ నా రెజ్యూమే ప్రింటు తీసి పెన్సిల్ పట్టుకుని కూర్చుంది. ముందు ఫోటో, పుట్టిన తేదీ, మా ఆయన పేరు కొట్టేసింది. తర్వాత ఇండెంట్ (సరుకు కావాలని అడిగే కాగితం), ఎల్1, జీఆర్ఎన్ (సరుకు అందినట్టు రాసే కాగితం), చలాన్, కోట్ల రూపాయలు, ఈ మాటల చుట్టూ ఒక్కొక్కటిగా సున్నాలు చుట్టింది. "ఇవి నాకు అర్థం కాలేదు, నీకు ఉద్యోగం ఇచ్చేవాళ్లకూ అర్థం కావు" అంది. అంత నెమ్మదిగా చెప్పినా నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకంటే ఆ మాటలే నా తొమ్మిదేళ్లు.

ఆ రాత్రే కూర్చుని మొత్తం తిరగరాశాను. ఇండెంట్‌ని రిక్విజిషన్ అన్నాను, డెలివరీ చలాన్‌ని ప్యాకింగ్ స్లిప్ అన్నాను. ఐదు పొరల అట్టపెట్టెను మనం ఫైవ్ ప్లై అంటాం, ఇక్కడ అదే డబుల్ వాల్. మూడు పొరలది సింగిల్ వాల్. మనం కాగితం జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు), బర్స్టింగ్ (ఎంత ఒత్తిడికి చిరుగుతుందో) చూసి బాక్స్ కొంటాం, వీళ్లు ఎక్కువగా అంచు మీద ఎంత బరువు ఆపుతుందో చూసి 32 ఈసీటీ అని అడుగుతారు, కొలతలన్నీ అంగుళాల్లో. పని అదే, వస్తువు అదే, పేరు తెలియకపోతే మాత్రం పనే తెలియదనుకుంటారు. కోట్ల లెక్కను డాలర్లలోకి మార్చి, ఏడాదికి ఎంత కొన్నాను, ఎంతమంది సప్లయర్లు, ఎంత ఆదా చేశాను, లీడ్ టైమ్ (ఆర్డర్ ఇచ్చాక సరుకు చేరడానికి పట్టే సమయం) ఎన్ని రోజులు తగ్గించాను అని రెండు పేజీల్లో రాశాను. బాధ్యతలు నిర్వహించాను, సమన్వయం చేశాను లాంటి వాక్యాలు ఒక్కటీ ఉంచలేదు.

ఇంకో సంగతి ఇండియాలో ఉండగానే చూసుకోవాలి. కెనడాలో ప్రతి ఉద్యోగానికీ ఎన్ఓసీ అని ఒక కోడ్ ఉంటుంది. పర్చేజింగ్ మేనేజర్‌కు 10012, పర్చేజింగ్ ఏజెంట్లకు, ఆఫీసర్లకు 12102, లాజిస్టిక్స్ కోఆర్డినేటర్‌కు 13201. ఇవి పీఆర్‌కు మనుషుల్ని ఎంచే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో నైపుణ్యం ఉన్న పని కిందకు వస్తాయి. గోడౌన్‌లో సరుకు పంపేవాళ్లు, దింపుకునేవాళ్లు 14400, ఇన్వెంటరీ క్లర్కులు 14403, ఈ రెండూ ఆ లెక్కలోకి రావు. నేను పీఆర్‌తో వచ్చాను కాబట్టి నాకు ఇబ్బంది లేదు. కానీ చదువుకోడానికి వచ్చి వర్క్ పర్మిట్ మీద ఉన్న పిల్లలు గోడౌన్‌లో రెండేళ్లు కష్టపడ్డాక ఆ అనుభవం పీఆర్‌కు లెక్కకు రాదని తెలిసి కుమిలిపోవడం నేను కళ్లారా చూశాను. హోదా పేరు కాదు, చేసే పనే కోడ్‌ను నిర్ణయిస్తుంది, ఆఫర్ లెటర్‌లో పనుల జాబితా చదవకుండా సంతకం పెట్టకండి. డబ్బులిస్తే ఎల్ఎంఐఏతో (విదేశీయుల్ని పనిలో పెట్టుకోడానికి కంపెనీ ప్రభుత్వం దగ్గర తెచ్చుకునే అనుమతి) ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్లను దగ్గరికి రానివ్వకండి, ఇక్కడ అలా అమ్మడం నేరం.

మే నెలలో ఒక స్టాఫింగ్ ఏజెన్సీ ద్వారా ఆహార పదార్థాలు సీసాల్లో నింపే కంపెనీలో రిసీవింగ్ క్లర్క్‌గా చేరాను. సేఫ్టీ బూట్లు, పచ్చ జాకెట్, చేతిలో స్కానర్, లారీల సరుకు దింపే డాక్ నంబర్ 6. ఇంటికి ఫోన్ చేసి అమ్మకు ఏం పని అని చెప్పాలో తెలియలేదు. కానీ ఆ డాక్ దగ్గర నిలబడ్డ రెండు నెలల్లో ఇక్కడి సరుకు ఎలా నడుస్తుందో తెలిసింది. చైనాలో తయారైన సీసా మూతలు వ్యాంకూవర్‌లో ఓడ దిగి, రైలెక్కి దేశం సగానికి పైగా దాటి బ్రాంప్టన్ యార్డుకు వస్తాయి. ఆ రైలు ఒక్కటి ఆగితే మా లైన్ ఆగిపోతుంది.

నిజంగానే ఆగింది. 2023 జూలై 1న బ్రిటిష్ కొలంబియా పోర్టుల్లో కార్మికులు సమ్మెకు దిగారు, 13 రోజులు సాగింది. రెండో వారంలో నేను ర్యాక్ దగ్గర మూతల ప్యాలెట్లు (సరుకు పేర్చిన పలకలు) లెక్కపెడుతున్నాను. సిస్టమ్‌లో 14 ఉన్నాయి. లెక్కపెడితే 14 ఉన్నాయి కూడా, కానీ అందులో ఐదింటి మీద ఎర్ర స్టిక్కర్లు, క్వాలిటీ వాళ్లు ఆపినవి. లైన్‌కు రోజుకు రెండు కావాలి. అంటే ఏడు రోజులు అనుకుంటున్నది నాలుగున్నర రోజులే. స్కానర్ పక్కన పెట్టి, బూట్లతోనే పైకెళ్లి బయ్యర్‌కు చెప్పాను. జీడిమెట్లలో అయితే పక్క కంపెనీ స్టోర్స్‌లో అప్పు అడిగేదాన్ని అని నోరు జారి అన్నాను. ఆయన నవ్వలేదు. ఒక నిమిషం ఆలోచించి, టొరంటోలో అదే సైజు మూతలు అమ్మే డిస్ట్రిబ్యూటర్ల జాబితా నా ముందు పెట్టి, కూర్చుని ఫోన్లు చేయమన్నాడు. రెట్టింపు ధరకు నాలుగు ప్యాలెట్లు దొరికాయి. లైన్ ఆగలేదు.

అక్టోబర్‌లో జూనియర్ బయ్యర్ పోస్టు పడితే లోపలి నుంచే అప్లై చేశాను. ఇంటర్వ్యూలో మేనేజర్ లాప్‌టాప్ నా వైపు తిప్పి "ఏం కనిపిస్తోంది?" అన్నారు. శాప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎండీ04 స్క్రీన్, ఒక వస్తువు ఎంతుంది, ఎంత కావాలి, ఎప్పుడొస్తుంది అన్నీ చూపించేది. ప్రాణం లేచొచ్చినట్టయింది, అదే స్క్రీన్ నేను తొమ్మిదేళ్లు రోజూ పొద్దున టీ తాగుతూ చూసింది. రెండు పీవోల (కొనుగోలు ఆర్డర్ల) తేదీలు దాటిపోయినా ఇంకా తెరిచే ఉన్నాయి, అవి వచ్చేస్తాయని సిస్టమ్ నమ్ముతోంది, సేఫ్టీ స్టాక్ (అవసరానికి ఉంచే అదనపు నిల్వ) సున్నా ఉంది, కాబట్టి ముందు సప్లయర్‌కు ఫోన్ చేసి నిజమైన తేదీ కనుక్కుని మార్చాలి, అప్పుడుగానీ అసలు కొరత ఎప్పుడో తెలియదు అని చెప్పాను. ఇంకో ప్రశ్న అడగలేదు. నంబర్లు పోయినా చూపు పోలేదని అప్పుడనిపించింది.

సర్టిఫికెట్ల గురించి కూడా అందరూ అడుగుతారు. ఏఎస్‌సీఎం అనే సప్లై చైన్ సంఘం వాళ్ల సీపీఐఎం, సీఎస్‌సీపీ పరీక్షలు ఇండియాలో ఉండగానే రాసేయొచ్చు, ఇక్కడ వాటిని గుర్తుపడతారు. సప్లై చైన్ కెనడా అనే ఇక్కడి సంఘం వాళ్ల ఎస్‌సీఎంపీ సర్టిఫికెట్ మాత్రం ఇక్కడికొచ్చి ఉద్యోగంలో కుదురుకున్నాక ఆలోచించండి. కెనడా అనుభవం ఉందా అన్న ప్రశ్న మాత్రం నన్ను చాలా ఏడిపించింది. 2026 జనవరి 1 నుంచి మా బ్రాంప్టన్ ఉన్న ఒంటారియో రాష్ట్రంలో 25 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు బయటికిచ్చే ప్రకటనల్లో ఆ అనుభవం కావాలని రాయకూడదు, జీతం ఎంతో కూడా చెప్పాలి. ఇంటర్వ్యూలో మనసులో ఏం అనుకుంటారో చట్టం ఆపలేదు గానీ, నా రోజుల్లో గేటు దగ్గరే ఆగిపోయినవాళ్లు ఇప్పుడు లోపలిదాకా వెళ్తారు, అది చిన్న విషయం కాదు.

మా తమ్ముడు నిన్న రెజ్యూమే పంపాడు. ఫైవ్ ప్లై ఉన్నచోట డబుల్ వాల్ అని మార్చాను, నాలుగు కోట్ల ఇరవై లక్షలు తీసేసి డాలర్లు రాశాను, ఫోటో తీసేశాను. ఒక ఖాళీ మాత్రం అలాగే ఉంచి వాడికి తిప్పి పంపాను. నువ్వు చేరినప్పుడు ఎన్ని రోజుల స్టాక్ ఉండేది, ఇప్పుడు ఎన్ని రోజులుంది అని అడిగాను. స్టోర్స్‌లో పాత రిజిస్టర్లు తీసి చూసి సోమవారం చెబుతానన్నాడు.