క్లబ్బుకు వచ్చేటప్పుడు ఇంట్లోవాళ్లను కూడా తీసుకురండి

రిటైరైన రైల్వేవాళ్ల క్లబ్బు అనగానే చాలామంది పేకాట, క్యారమ్స్, టీలు, పాత ముచ్చట్లు అనుకుంటారు. మా కాజీపేటలో అవన్నీ ఉన్నాయి, ఉండాలి కూడా. ముప్పై ఏళ్లకు పైగా రాత్రనక పగలనక డ్యూటీ చేసి, దసరా రోజు పిల్లలు కొత్తబట్టలు వేసుకునే వేళకు బలార్షా రన్నింగ్ రూమ్‌లో (డ్రైవర్లు, గార్డులు విశ్రాంతి తీసుకునే గదిలో) పడుకున్న మనిషి, ఇప్పుడు సాయంత్రం పూట తన ఈడువాళ్లతో కాసేపు కూర్చుంటే ఎవరికేం నష్టం? కానీ మా క్లబ్బులో అసలు పని క్యారమ్ బోర్డు దగ్గర జరగదు. గోడ పక్కన ఒక ఇనప టేబుల్ ఉంటుంది. దాని మీద జిరాక్స్ కాగితాల కట్ట, గమ్ డబ్బా, స్టాప్లర్, ఎవరో మర్చిపోయిన కళ్లద్దాలు. పని జరిగేది అక్కడ. ఈ పోస్టు ఆ టేబుల్ గురించే.

కాజీపేట తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్తాను. సికింద్రాబాద్ లైను, విజయవాడ లైను, బలార్షా లైను కలిసే జంక్షన్ ఇది. 1929లో బలార్షా లైను పూర్తయ్యాక ఢిల్లీకీ మద్రాసుకూ మధ్య నేరుగా దారి పడింది, అప్పటి నుంచి ఈ ఊరికి రైలే బతుకు. షెడ్లు, హాస్పిటల్, ఇన్‌స్టిట్యూట్, క్వార్టర్లు అన్నీ దాని చుట్టూనే. అందుకే రిటైరైనాక కూడా చాలామంది సొంతూళ్లకు పోకుండా ఫాతిమానగర్‌లోనో, సోమిడి వైపో చిన్న ఇల్లు కట్టుకుని ఉండిపోయారు. డ్రైవర్లు, గార్డులు, కీమాన్లు, సిగ్నల్ క్యాబిన్‌లో చేసినవాళ్లు, షెడ్డు ఫిట్టర్లు, ఆఫీసు క్లర్కులు, అందరూ మా క్లబ్బుకు వస్తారు. డ్యూటీలో ఉన్నప్పుడు లోకో ఇన్‌స్పెక్టర్ ఎదురుగా నిలబడి మాట్లాడిన గ్యాంగ్‌మన్ ఇప్పుడు ఆయన పక్క కుర్చీలో కూర్చుని "ఏం సారూ, షుగర్ గోలీ ఏసుకున్నవా లేదా" అని గదమాయిస్తాడు. నాకు క్లబ్బులో అన్నిటికంటే నచ్చేది ఇదే.

నవంబర్ వస్తే మాకు ఊపిరాడదు. పెన్షనర్లందరూ బతికున్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నెల అది. 80 దాటినవాళ్లకు అక్టోబర్ 1 నుంచే అవకాశం ఉంది, అయినా వాళ్లు కూడా చాలామంది నవంబర్ దాకా ఆగుతారు. 2014లో జీవన్ ప్రమాణ్, అంటే ఆధార్‌తో చేసే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్, వచ్చాక బ్యాంకు లైన్లో గంటల తరబడి నిలబడే బాధ తప్పింది, వేలిముద్ర మిషన్ ఉంటే ఎక్కడి నుంచైనా అయిపోతుంది. బాగానే ఉంది కానీ, ఆ మిషన్ ముందు మా ట్రాక్ వాళ్లను కూర్చోబెట్టి చూడాలి. బీటర్, గడ్డపార, సుత్తి పట్టీ పట్టీ వాళ్ల వేళ్ల మీద గీతలన్నీ అరిగిపోయాయి. మా కీమాన్ అన్న ఒకాయన ఉన్నాడు. ఎండాకాలమైనా వానాకాలమైనా రోజూ తన బీటు మొత్తం నడిచి, పట్టాలను పట్టి ఉంచే కీలు వదులైతే సుత్తితో కొట్టి బిగించుకుంటూ పోయిన మనిషి. ఆయన బొటనవేలు పెడితే మిషన్ తీసుకోదు. వేడినీళ్లతో కడిగి, తుడిచి, కొంచెం వాసలీన్ రాసి మళ్లీ పెడతాం. తీసుకోదు. చూపుడువేలు, మధ్యవేలు, ఎడమచెయ్యి, పది వేళ్లూ అయిపోతాయి. ఆయన తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటూ "అన్నం పెట్టిన చేతులే కదరా, ఇప్పుడు పనికిరావంటుందా" అన్నాడు. ఎవ్వరం మాట్లాడలేకపోయాం.

2021 చివర్లో ఫోన్‌లో ముఖం చూపించి చేసే పద్ధతి వచ్చింది, అప్పటి నుంచి ఈ బాధ చాలా తగ్గింది. కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, ఫోన్ ఎదురుగా పట్టుకుని "కళ్లు ఆర్పన్నా, ఇంకోసారి ఆర్పు" అంటే అయిపోతుంది. మంచం దిగలేనివాళ్ల దగ్గరికి ఫోన్ పట్టుకుని మావాళ్లే ఇంటికి పోతారు. నవంబర్ దాటిపోయి పెన్షన్ ఆగిందంటే మళ్లీ తెరిపించుకునేదాకా ఆ ఇంట్లో మందుల షాపు ఖాతా పెరుగుతూ పోతుంది, ఆ టెన్షన్ ఎందుకు?

ఇంతవరకూ క్లబ్బులో అందరూ బ్రహ్మాండంగా చేస్తున్నారు. నా బాధ వేరే ఉంది.

మా దగ్గరికి వచ్చేవాళ్లందరూ మగవాళ్లే. వాళ్ల భార్యలు మొదటిసారి ఆ ఇనప టేబుల్ దగ్గరికి వచ్చేది భర్త పోయాక. ఇది మారాలి అని నేను మీటింగుల్లో చెప్తూనే ఉన్నాను, ఇక్కడ కూడా రాస్తున్నాను.

ఆ మధ్య ఒక వదిన వచ్చింది. భర్త క్యాబిన్‌లో చేసి రిటైరయ్యాడు, క్లబ్బుకు ఒక్క నెల కూడా తప్పకుండా వచ్చేవాడు, మా అందరికంటే రూల్స్ బాగా తెలిసినవాడు. దినాలు అయిపోయాక ఆమె ఒక బట్టల షాపు క్యారీబ్యాగ్ నిండా కాగితాలు పట్టుకొచ్చింది. కరెంటు బిల్లులు, పాత పాసుల కౌంటర్ ఫాయిళ్లు, ఎల్ఐసీ రసీదులు, పిల్లల మార్కుల మెమోలు. అన్నిటికంటే కింద నాలుగు మడతలు పెట్టిన పీపీవో, అంటే పెన్షన్ మంజూరు చేస్తూ ఇచ్చే పెన్షన్ పేమెంట్ ఆర్డర్. మడతల దగ్గర చిరిగి ఉంది. అందులో ఆమె పేరు పుట్టింటివాళ్లు పిలిచే ముద్దుపేరు. ఆధార్‌లో వేరే పేరు. పుట్టిన తేదీ దగ్గర ఖాళీ. బ్యాంకు ఖాతా భర్త ఒక్కడి పేరు మీదే. ఆ బ్యాంకువాళ్లు ఆమెను ఎన్నిసార్లు తిప్పారో, ఆ కౌంటర్లో అబ్బాయి ఆమెతో ఎట్లా మాట్లాడాడో ఇక్కడ రాయను. పేర్ల తేడాకు అఫిడవిట్, మళ్లీ ఫొటోలు, కొత్త ఖాతా, డివిజన్ ఆఫీసుకు ఉత్తరాలు. ఆమెకు రావాల్సిన డబ్బు చేతికి వచ్చేసరికి కొన్ని నెలలు పట్టింది. ఆ నెలలు ఆమె కొడుకు దగ్గర చెయ్యి చాపింది. కొడుకు మంచివాడే, అయినా ఆమె చెప్తున్నప్పుడు గొంతు మారింది.

పీపీవోలో భార్య పేరు సరిగ్గా ఉండి, పెన్షన్ ఖాతా ఇద్దరి పేరు మీదా ఉంటే, భర్త పోయాక ఆమె కొత్త ఖాతా తెరవక్కర్లేదు. డెత్ సర్టిఫికెట్, దరఖాస్తు ఇస్తే ఆ ఖాతాలోనే ఫ్యామిలీ పెన్షన్ మొదలవుతుంది. మామూలుగా చివరి బేసిక్ జీతంలో 30 శాతం, దాని మీద డీఆర్ (ధరలు పెరిగినందుకు ఇచ్చే కరువు భత్యం). పెన్షనర్ రిటైరైన కొన్నేళ్లకే పోతే 7 ఏళ్ల దాకా, లేదా ఆయన బతికుంటే 67 నిండే తేదీ దాకా, రెండిట్లో ఏది ముందైతే అప్పటి వరకు 50 శాతం లెక్క. ఈ సంగతి తెలియక తక్కువ వస్తున్నా ఊరుకున్నవాళ్లు ఉన్నారు. ఇక పుట్టిన తేదీ. 80 నిండితే పెన్షన్ మీద 20 శాతం అదనం, 85కు 30, 90కి 40, 95కు 50, నూరేళ్లు నిండితే ఇంకో పెన్షనంత. ఫ్యామిలీ పెన్షన్‌కు కూడా ఇది వర్తిస్తుంది. కానీ పాత పీపీవోల్లో చాలావాటిలో భార్య పుట్టిన తేదీ రాయలేదు. తేదీ లేకపోతే ఆమెకు 80 ఎప్పుడు నిండిందో కంప్యూటర్‌కు ఎట్లా తెలుస్తుంది? ఆమెకు హక్కుగా రావాల్సిన డబ్బు అట్లా ఆగిపోతుంది. ఈ తేదీ ఎక్కించుకోవడం భర్త ఉన్నప్పుడు ఒక దరఖాస్తు పని. ఆయన పోయాక అదే పని కొండంత అవుతుంది.

మరి ఇంట్లో ఎందుకు చెప్పరు? మావాళ్లు దాచిపెట్టే మనుషులు కాదు. డ్యూటీ సంగతులు ఇంటికి తేకూడదనే అలవాటు, పెన్షన్ కాగితాలు కూడా డ్యూటీ సంగతుల్లో కలిసిపోయాయి. "ఆమెకేం తెలుస్తదన్నా, చదువుకోలేదు" అంటారు కొందరు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. అర్ధరాత్రి డ్యూటీకి పిలవడానికి కాల్ బాయ్ బుక్ పట్టుకుని తలుపు కొడితే ముందు లేచింది ఎవరు? మనం సంతకం పెట్టి ముఖం కడుక్కునేలోపు స్టవ్ వెలిగించి క్యారియర్ కట్టింది ఎవరు? మనం లైన్ మీద ఉంటే పిల్లల జ్వరాలు, స్కూలు ఫీజులు, రేషను, అత్తమామల హాస్పిటల్ అన్నీ ఒంటిచేత్తో చూసింది ఆమే. అంత చేసిన మనిషికి నాలుగు కాగితాలు అర్థం కావా? ఎవరూ కూర్చోబెట్టి చూపించలేదు, అంతే.

ప్రతి మే 8న మా పెద్దలు 1974 సమ్మె ముచ్చట చెప్తారు. మే 8 నుంచి 27 దాకా, జార్జ్ ఫెర్నాండెజ్ నాయకత్వంలో దేశమంతా లక్షలమంది దిగిన సమ్మె. ఉద్యోగాలు పోయినవాళ్లలో చాలామందిని 1977లో ప్రభుత్వం మారాక తిరిగి తీసుకున్నారు. ఆ రోజుల్లో రైల్వే కాలనీల మీద పోలీసులు పడ్డారు, క్వార్టర్లు ఖాళీ చేయించారు, మగవాళ్లు జైల్లోనో ఎక్కడో దాక్కునో ఉంటే జీతం రాని ఇళ్లను ఆడవాళ్లే నడిపారు. ఇది మా మీటింగులో మైకు పట్టుకుని చెప్పేది మగవాళ్లు. ఆ ఇళ్లు నడిపిన ఆడవాళ్లు ఇప్పటికీ ఈ ఊళ్లోనే ఉన్నారు, ఒక్కసారి వాళ్లనూ పిలిచి చెప్పించాలని నా కోరిక. వచ్చే మేలో చేద్దామని ఒప్పుకున్నారు.

డిసెంబర్ 17 పెన్షనర్స్ డే కూడా ఘనంగానే చేస్తాం. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. నకారా గారు రైల్వే మనిషి కాదు, రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా చేసి రిటైరైన ఆయన. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవాళ్లకు ఒక లెక్క, తర్వాతివాళ్లకు ఒక లెక్క అంటే కుదరదని, పెన్షన్ అనేది సర్కారు దయాదాక్షిణ్యం కాదని ఆ తీర్పు చెప్పింది. ఆ రోజు 80 నిండినవాళ్లకు శాలువాలు కప్పుతాం. ఈసారి శాలువాతో పాటు ఆ ఇంటి పీపీవో కూడా చూడమని చెప్పాను, భార్యాభర్తలిద్దరి తేదీలు ఉన్నాయో లేదో.

మిగతావి కూడా జరుగుతుంటాయి. పాసుల మీద కలిసి ప్రయాణాలు పోతాం. 2025 ఏప్రిల్‌లో పాంబన్ కొత్త వంతెన మొదలైనప్పటి నుంచి మా ట్రాక్ వాళ్లు రామేశ్వరం రామేశ్వరం అని ఒకటే పోరు, 72.5 మీటర్ల స్పాన్ నిలువుగా ఎట్లా లేస్తుందో కళ్లారా చూడాలట. దేవుడి దర్శనం తర్వాత సంగతి. లాలాగూడ సెంట్రల్ హాస్పిటల్‌కు రిఫర్ అయినవాళ్లకు తోడుగా ఎవరో ఒకరు పోతారు, ఉమీద్ కార్డు (రైల్వే వైద్యానికి ఇచ్చే గుర్తింపు కార్డు) అయిందో లేదో చూసుకుంటారు. నెలాఖరున కొత్తగా రిటైరైన తమ్ముళ్లను దండలతో ఇంటిదాకా దింపి వస్తాం. వాళ్లలో 2004 జనవరి 1 తర్వాత చేరినవాళ్లు కూడా ఇప్పుడు కనిపిస్తున్నారు, పాత పెన్షన్ లేనివాళ్లు. ఒకే క్వార్టర్ల లైనులో పక్కపక్కనే బతికిన రెండు ఇళ్లలో ఒకదానికి ఉండి ఒకదానికి లేకపోవడం నాకు న్యాయంగా అనిపించదు. దాని గురించి వేరేగా రాస్తాను.

ఆడవాళ్లు రావాలంటే మేం మారాల్సినవీ ఉన్నాయి. సాయంత్రం ఆరింటికి మీటింగు పెడితే వంట టైము, వాళ్లెట్లా వస్తారు? బాత్రూమ్‌కు సరైన తలుపు లేదు, అది బిగించమని చెప్పాం, పని నడుస్తోంది. అన్నిటికంటే ముఖ్యం, టేబుల్ దగ్గర కూర్చునేది కూడా మగవాళ్లే అయితే వదినలు నోరు విప్పి అడగరు. పర్సనెల్ బ్రాంచిలో (సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసులో) క్లర్కుగా చేసి రిటైరైన ఒక అక్కను అడిగాం, హాస్పిటల్లో ఆయాగా చేసిన ఇంకో అక్క కూడా సరే అంది. మొదటి అక్కకు సెటిల్‌మెంట్ ఫైళ్లు కొట్టినపిండి, రెండో అక్కకు కాలనీలో తెలియని ఇల్లు లేదు. ఇద్దరూ కూర్చుంటే మా మగవాళ్లందరికంటే పని తొందరగా అవుతుందని నా నమ్మకం.

వచ్చే మీటింగు పొద్దున పదకొండింటికి పెట్టాం. జంటగా రండి. పీపీవో, ఇద్దరి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఇద్దరూ కలిసి దిగిన పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు తెచ్చుకోండి. పీపీవో దొరక్కపోతే కూడా రండి, డూప్లికేట్‌కు ఎట్లా పెట్టుకోవాలో అక్క చెప్తుంది. జిరాక్సులు మేమే తీయిస్తాం. భర్త లేని అక్కలు, వదినలు ఎవరినీ తోడు తెచ్చుకోనవసరం లేదు, నేరుగా రండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందురోజే ఎవరితోనైనా కబురు చెప్పించండి, ఆటో పంపిస్తాం.