కిటికీ దగ్గర మా చంటిది

మూడో నెల ఫొటోలకి స్టూడియో బుక్ చేద్దామన్నారు ఇంట్లో. నాకైతే మణికొండలో మా ఫ్లాట్ తూర్పు కిటికీయే చాలనిపించింది.

స్నానమై, సాంబ్రాణి వేసి, పాలు తాగాక పాప హుషారుగా ఉంటుంది. అప్పుడే మొదలుపెడతాను. కిటికీకి అమ్మ పల్చటి తెల్ల చీర కడితే ఎండ మెత్తబడుతుంది. ట్యూబ్‌లైట్ ఆపేయాల్సిందే, లేకపోతే ఒక చెంప ఒక రంగు, ఇంకో చెంప ఇంకో రంగు! వెలుగు తల వైపు నుంచి ఏటవాలుగా పడాలి. కాళ్ల వైపు నుంచి పడితే ముఖం మీద నీడలు తలకిందులవుతాయి. రెండో పక్క తెల్ల దుప్పటి పెడితే ఆ నీడలు తేలికవుతాయి.

నేను నేల మీద బోర్లా పడుకుని తన కళ్ల ఎత్తులోనే తీస్తాను. ఫోకస్ దగ్గరగా ఉన్న కంటి మీద. ఊరికే చేతులు ఆడిస్తుంది కాబట్టి షటర్ స్పీడ్ 1/250 కంటే తగ్గించను, అంటే కెమెరా షటర్ సెకనులో 250వ వంతు కంటే ఎక్కువసేపు తెరిచి ఉండదు, చేతులు మసకగా రావు. ఫ్లాష్ వాడను. ఫోన్‌తో అయితే ముఖానికి మరీ ఆనించకుండా కాస్త వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టండి, ముక్కు పెద్దదిగా రాదు.

నా భుజం వెనక నుంచి అమ్మ "బంగారూ" అంటే చాలు, బోసినవ్వు! బుగ్గ మీద దిష్టిచుక్కని మాత్రం ఎడిటింగ్‌లో చెరపను. అది అమ్మ పెట్టింది.