పత్రికలో పేరు లేని కాపరి

చనిపోయినవాళ్లను క్రైస్తవులు తలుచుకునే నవంబరు 2న నారాయణగూడ సమాధుల తోటకు వెళ్లినవాళ్లకు ఆ సందడి తెలుసు. గేటు బయట బంతిపూలు, చామంతులు, కొవ్వొత్తులు అమ్మేవాళ్లు. లోపల కొత్తగా సున్నం వేసిన సమాధుల చుట్టూ కుటుంబాలు. ఎవరివాళ్ల దగ్గర వాళ్లు ఒక కీర్తన పాడుకుని, ప్రార్థన చేసుకుని, పక్కవాళ్లను పలకరించి కదులుతారు. హైదరాబాదులో స్థిరపడిన మనలో చాలామందికి ఆ రోజు ఒక వెలితి కూడా ఉంటుంది. అమ్మానాన్నల సమాధులు ఇక్కడే ఉంటాయి. మనకు బాప్తిస్మమిచ్చి, వాక్యం నేర్పిన అయ్యగారి సమాధి మాత్రం ఎక్కడో ఊళ్లో ఉండిపోతుంది. అందుకే ఆ పూట నేను బైబిల్లో హెబ్రీ పత్రిక, అంటే హెబ్రీయులకు రాసిన ఉత్తరం, 13వ అధ్యాయం ఏడో వచనం తీస్తాను.

"మీకు దేవుని వాక్యము బోధించి, మీపైని నాయకులుగా ఉన్నవారిని జ్ఞాపకము చేసికొని, వారి ప్రవర్తన ఫలమును శ్రద్ధగా తలంచుకొనుచు, వారి విశ్వాసమును అనుసరించుడి."

ఇదే పత్రిక 11వ అధ్యాయంలో పేర్లే పేర్లు. హేబెలు, హనోకు, నోవహు, అబ్రాహాము, మోషే, రాహాబు. గిద్యోను, బారాకు దగ్గరికి వచ్చేసరికి రాసినవాడు వివరించడానికి సమయం చాలదంటాడు. 13కి వచ్చాక నాయకులను జ్ఞాపకం చేసుకోమంటాడు కానీ ఒక్క పేరూ చెప్పడు. ఆ మాటకొస్తే ఈ పత్రిక రాసినవాడి పేరు కూడా అందులో లేదు. నాకైతే ఇది ఎంతో ఆదరణగా ఉంటుంది. అక్కడ ఏ సంఘమైనా తన కాపరిని, అంటే తన పాస్టరును, తలుచుకోవచ్చు. నేను మా అయ్యగారిని తలుచుకుంటాను.

ఆయన మెదక్ వైపు ఒక చిన్న టౌనులో మాకు పాస్టరు. మెదక్ మహాదేవాలయం, అంటే అక్కడి పెద్ద చర్చి, చూసినవాళ్లకు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ పేరు తెలిసే ఉంటుంది. కరువు రోజుల్లో జనానికి పనీ, తిండీ దొరకాలని ఆయన కట్టించిన ఆ గుడిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. ఆయన్ను తలుచుకోవడం ఎంతైనా న్యాయం. అయితే వానాకాలం బురదలో మోపెడ్ తోసుకుంటూ వెళ్లి, మంచం పట్టిన ముసలమ్మకు ప్రభురాత్రి భోజన సంస్కారమిచ్చి వచ్చిన పాస్టర్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు. వాళ్ల ప్రవర్తన ఫలం ఎక్కడ చూడాలి? ఇంట్లో చూడాలని నా నమ్మకం. ఆ అధ్యాయం వరసే అలా ఉంది. సహోదర ప్రేమ, ఆతిథ్యం, చెరలో ఉన్నవాళ్లను తలుచుకోవడం, వివాహాన్ని ఘనంగా ఉంచుకోవడం, ధనాపేక్ష లేకుండా ఉన్నదానితో తృప్తిపడటం. ఇవన్నీ చెప్పాకే నాయకుల మాట వస్తుంది.

పాస్టరమ్మగారు పక్క ఊరి బడిలో టీచరు. పొద్దున్నే ఏడింటి బస్సుకు వెళ్లిపోయేవారు. ఇద్దరు ఆడపిల్లలకు జడలు వేయడం అయ్యగారి పని. వరండాలో పీట వేసుకుని, దువ్వెన నోట కరుచుకుని, కొబ్బరినూనె రాసి, పాపిడి తీసి, రెండేసి జడలల్లి, మడిచి రిబ్బను కట్టేవారు. సరిగ్గా ఆ టైముకే సంఘంలో ఎవరో ఒకరు తమ గోడు చెప్పుకోవడానికి వచ్చేవారు. అన్నదమ్ముల పొలం గొడవ, కూతురి కాపురం, తీరని అప్పు. చేతులు అల్లుతూనే ఉండేవి, చెవులు మాత్రం ఇటే ఉండేవి. జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు దువ్వెన తీసి పక్కన పెట్టేవారు. "పాస్టరుగారై ఉండి ఈ జడలేంటి అయ్యగారూ?" అని ఒక సంఘ పెద్ద అడిగితే, "ఆమె బస్సు ఆగదు కదయ్యా, నేను ఇంట్లోనే ఉన్నాను" అన్నారు. అంతే. అక్కడే ఉన్న మా అమ్మ ఆ మాటను మా నాన్నకు చాలాసార్లు చెప్పింది.

ఎవరికైనా జబ్బు ముదిరితే గాంధీ ఆసుపత్రికి వెంటబెట్టుకొచ్చేవారు. జేబీఎస్ బస్టాండులో దిగినప్పటి నుంచి ఓపీ చీటీ చేతికొచ్చేదాకా ఆయనే ముందు నడిచేవారు. ఇలాంటి మేళ్ల గురించి ఆయన పోయాక పెట్టిన జ్ఞాపకార్థ కూటంలో చాలామంది చెప్పారు. ఆయన పిల్లలూ, మా ఊరి నుంచి వచ్చేసిన కుటుంబాలూ ఎక్కువగా ఇక్కడే ఉన్నాం కాబట్టి ఆ కూటం సికింద్రాబాదులో పెట్టారు. నాకు బాగా నిలిచిపోయింది మాత్రం ఆయన కొడుకు చెప్పిన సాక్ష్యం.

పదో తరగతిలో ఒక ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి క్రికెట్‌కు వెళ్లాడట. తిరిగొస్తుంటే గుడి మెట్ల దగ్గర అందరి ముందూ వాళ్ల నాన్న అతన్ని చెంప మీద కొట్టారు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆయనే ముందు మోకరించి, "నీ ఆత్మ గురించిన భారంతో కాదు నాన్నా, నా పరువు పోయిందన్న కోపంతో కొట్టాను. నన్ను క్షమించు" అన్నారట. తర్వాతి ఆదివారం ప్రసంగానికి ముందు సంఘం ఎదుట కూడా అదే మాట చెప్పారు. అది నేనూ విన్నాను. పదహారేళ్ల కొడుకు ముందు తల వంచిన తండ్రి కాబట్టే, పుల్పిట్ మీద నుంచి పశ్చాత్తాపం గురించి చెబితే మాకు గుచ్చుకునేది.

ఆయనకు ట్రాన్స్‌ఫర్ వచ్చినప్పుడు మేమంతా ఏడ్చాం. వీడ్కోలు ఆరాధనలో ఆయన తీసుకున్నది ఎనిమిదో వచనం. "యేసుక్రీస్తు నిన్న, నేడు, ఒక్కటే రీతిగా ఉన్నాడు, అవును యుగయుగములకును ఒక్కటే రీతిగా ఉండును." కాపరులు మారతారు, కొత్త అయ్యగారిని కూడా ఇలాగే ప్రేమించండి అని చెప్పి దిగిపోయారు. ఏడో వచనం పక్కనే ఎనిమిదోది ఎందుకుందో నాకు ఆ రోజు అర్థమైంది.

మన కూటాల్లో మైకు ముందు బయటివాళ్లకే వెళ్తుంది. ఎన్ని గుళ్లు కట్టించారు, ఎంతమందికి బాప్తిస్మమిచ్చారు అనే లెక్కలయ్యేసరికి భోజనాల వేళవుతుంది. ఇంటివాళ్లకు కృతజ్ఞతలు చెప్పడానికి రెండు నిమిషాలు మిగులుతాయి. పోయినసారి పాస్టరమ్మగారు ఆ రెండు నిమిషాలు కూడా వద్దని కూర్చుండిపోయారు. ఈసారి ఆమె దగ్గరికి వెళ్లి అడిగి ఒప్పించాం. సంవత్సరీకపు కూటంలో మొదట ఆవిడే మాట్లాడతారు, తర్వాత పిల్లలు. సంఘ పెద్దల వంతు, నాలాంటివాళ్ల వంతు ఆ తర్వాతే.