పాత డ్రైవ్‌వే తీసి కాంక్రీటు వేయించాలంటే: అడుగుకి ఎంత అని అడిగి ఊరుకోకండి

గేటు దాటి లోపలికి వస్తుంటే మా నాన్న కాలు పాత గచ్చు అంచుకి తగిలి ముందుకి తూలారు. పడలేదు, పక్కన గోడ పట్టుకుని నిలదొక్కుకున్నారు. ఆయన్ని కూర్చోబెట్టి బయటికి వచ్చి ఆ డ్రైవ్‌వేని, అంటే గేటు నుంచి ఇంటిదాకా కారు వచ్చే దారిని, మొదటిసారి వంగి చూశాను. రెండు పలకల మధ్య దాదాపు ముప్పావు అంగుళం ఎత్తు తేడా ఉంది. కారు చక్రం వెళ్లే చోటంతా కుంగిపోయింది, వాన పడితే అక్కడ రెండు రోజులు నీళ్లు నిలుస్తాయి. ఇదంతా రోజూ చూస్తున్నదే, కళ్లకి అలవాటైపోయి పట్టించుకోలేదు.

సన్నటి బీట్లు మాత్రమే ఉండి పలకలు కదలకుండా ఉంటే పూడ్చుకుంటే సరిపోతుంది, దానికోసం అంతా పగలగొట్టనక్కర్లేదు. కానీ పలక ఒక పక్కకి ఒరిగిందన్నా, కాలు వేస్తే ఊగుతోందన్నా కింద నేల జారిపోయిందని అర్థం, అలాంటప్పుడు పైన ఎంత పూత పూసినా డబ్బు దండగ. మాది రెండో రకం. సరే మొత్తం తీయించి కొత్తగా కాంక్రీటు వేయిద్దాం అనుకుని ముగ్గురిని పిలిచి కొటేషన్లు అడిగాను.

ముగ్గురూ టేపు పట్టుకుని పొడవు వెడల్పు కొలిచారు, ముగ్గురూ చదరపు అడుగుకి ఇంత అని ఒక అంకె చెప్పారు. అందరికంటే తక్కువ చెప్పినాయన అంకె, ఎక్కువ చెప్పినాయన అంకెలో సగానికి కాస్త పైన ఉంది. ఇంట్లో అందరం తక్కువకే ఇచ్చేద్దాం అన్నాం, నేను కూడా అన్నాను. రాత్రి కూర్చుని మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, రెండింటిలో మందం ఎంత అన్న మాటే లేదు. పొద్దున్నే ఫోన్ చేసి అడిగితే, తక్కువ చెప్పినాయన 3 అంగుళాలు, అదీ పాత గచ్చు మీదే పోస్తానన్నారు. రెండో ఆయన 4 అంగుళాలు, కానీ పాతది పగలగొట్టి తీయడం మన ఖర్చు. మూడో ఆయన 5 అంగుళాలు, పగలగొట్టడం, కంకర పరిచి దిమ్మిస కొట్టడం, చెత్త ఎత్తివేయడం అన్నీ ఆయన మీదే. అంటే ముగ్గురూ చెప్పింది మూడు వేరే వేరే పనుల ధర, మేము దాన్ని ఒకే పనికి మూడు ధరలు అనుకుని పోల్చుకుంటున్నాం.

మందం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఖర్చంతా అక్కడే ఉంది, మోసపోయేదీ అక్కడే. మా దారి 40 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, అంటే 400 చదరపు అడుగులు. 3 అంగుళాలు వేస్తే 100 ఘనపుటడుగుల కాంక్రీటు పడుతుంది, 4 అంగుళాలకి 133, 5 అంగుళాలకి 167. ఒక ఘనపు మీటరు అంటే 35.3 ఘనపుటడుగులు కాబట్టి అవి వరసగా దాదాపు 2.8, 3.8, 4.7 ఘనపు మీటర్లు. 4 నుంచి 5కి వెళ్తే మెటీరియల్ పాతిక శాతం పెరుగుతుంది. కానీ పలక వంగి విరగకుండా మోసే శక్తి మందం వర్గంతో పెరుగుతుంది, అంటే అదే కాంక్రీటుకి 4 అంగుళాలకి 16 పాళ్లు అనుకుంటే 5 అంగుళాలకి 25 పాళ్లు, సగానికి పైగా ఎక్కువ. అదే 3కి దిగితే 9 పాళ్లే, దాదాపు సగం శక్తి పోయింది. మామూలు కార్లకి గట్టి నేల మీద 4 అంగుళాలు చాలు, నీళ్ల ట్యాంకరో సామాన్ల లారీయో లోపలికి వస్తుందంటే 5 నుంచి 6 వేయించుకోవాలి. మాకు ట్యాంకరు వస్తుంది. ఆ ఒక్క మాటతో మొదటి రెండు కొటేషన్లూ పక్కకి పోయాయి, పని మూడో ఆయనకే ఇచ్చాం.

పాతది తీయడం సంగతి. 400 చదరపు అడుగుల 4 అంగుళాల పాత పలక ఎంత బరువుంటుందో ఊహించండి, కాంక్రీటు ఘనపు మీటరుకి దాదాపు 2,400 కిలోలు, అంటే మొత్తం 9 టన్నులు. పగిలి ముక్కలయ్యాక మధ్యలో ఖాళీలతో కుప్ప ఇంకా పెద్దదవుతుంది. దాన్ని పగలగొట్టడం, బండికి ఎత్తడం, ఎక్కడో పారబోయడం, ఈ మూడూ ఎవరి ఖర్చో రాసి ఉండాలి. నోటిమాటగా 'చూసుకుందాం సార్' అంటే ఆ చూసుకోవడం తర్వాత మన జేబులోంచే.

మా పాత గచ్చు పగలగొట్టినప్పుడు ఒకటి చూశాను, అది ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. సుత్తి పడి పలక లేచింది, కింద మట్టిలో ఇనప జాలి పరిచినట్టే పడి ఉంది, తుప్పు పట్టి, వేలితో నొక్కితే పొరలు పొరలుగా రాలిపోతూ. పలక ముక్క తిరగేసి చూస్తే కాంక్రీటులో ఆ కడ్డీల గుర్తు కూడా లేదు. అప్పట్లో వేసినవాళ్లు జాలిని నేల మీద పరిచి పైన పోసేశారు, ఇనుముని నేల నుంచి ఎత్తి ఉంచే చిన్న దిమ్మ, కవర్ బ్లాక్ అంటారు, దాని కింద ఒక్కటి కూడా పెట్టలేదు. ఇనుముకి మేము డబ్బు ఇచ్చాం, అది ఒక్క రోజు కూడా పని చేయలేదు. ఇనుము ఉండాల్సింది పలక లోపల, మధ్యలో గానీ కాస్త పైకి గానీ. అసలు ఇనుము బీట పడకుండా ఆపదు, పడిన బీట వెడల్పు కాకుండా పట్టి ఉంచుతుంది. కాబట్టి కొటేషన్‌లో ఇనుము కిలోలు ఎన్ని అని చూడటంతో ఆగకుండా, పోసే రోజు అది ఎక్కడ నిలబడి ఉందో మీరే చూడాలి.

కింద పొర గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే పోశాక అది కనబడదు. మాది కుంగడానికి అసలు కారణం అదే, మెత్తటి మట్టి మీద నేరుగా పోశారు. ఈసారి మెత్తటి మట్టి తీయించి 5 అంగుళాలు కంకర పొర వేయించి, తడిపి మెషీన్‌తో దిమ్మిస కొట్టించాం. అణిగిపోతుంది కాబట్టి లెక్కకంటే ఎక్కువే తెప్పించాలి. కంకర ఖర్చు తగ్గిద్దాం అని మూడో ఆయనే ఒకసారి అన్నారు, నేను ఒప్పుకోలేదు. డబ్బు తగ్గించుకోవాలంటే పైన రంగులో, డిజైన్ ముద్రలో తగ్గించుకోవచ్చు, ఈ పొరలో మాత్రం వద్దు.

మా సైజు పనికి రెడీమిక్స్, అంటే ప్లాంటులో కలిపి లారీలో తెచ్చే కాంక్రీటు, తెప్పిస్తే లారీ పూర్తిగా నిండకపోవచ్చు, కొందరు తక్కువ లోడుకి వేరే ఛార్జీ వేస్తారు, కాబట్టి ముందే అడగండి. సైట్లో కలిపితే ఆ ఛార్జీ ఉండదు కానీ నీళ్లని కాపలా కాయాలి. బస్తా 50 కిలోలకి 25 లీటర్ల నీళ్లంటే సిమెంటులో సగం, అంతకు మించితే పోయడం తేలిక, గట్టిదనం తగ్గిపోతుంది. బకెట్‌కి గీత గీయించి, ఆ గీత దాటనివ్వలేదు. కూలీలు మొదట విసుక్కున్నారు, మధ్యాహ్నానికి వాళ్లే గీత చూసి పోయడం మొదలుపెట్టారు.

పోయకముందు నేను చేసిన పని, ఎవరైనా చేయగలిగిందే. రెండు పక్కల చెక్కల మీద గట్టిగా దారం కట్టి, దారం నుంచి కిందకి టేపుతో కొలుచుకుంటూ పోయాను. ఏడు చోట్ల 5 అంగుళాలు సరిగ్గా ఉంది, గేటు దగ్గర ఒక చోట 3¾. కంకర అక్కడ ఎత్తుగా ఉండిపోయింది. తీయించడానికి పది నిమిషాలు పట్టింది. చూసుకోకుండా ఉంటే మా దారిలో అన్నింటికంటే ఎక్కువ బరువు పడే చోటే పలుచగా ఉండిపోయేది, మేము 5 అంగుళాలకి డబ్బు ఇచ్చి సంతోషంగా ఉండేవాళ్లం.

జాయింట్లు, అంటే బీట ఎక్కడ పడాలో మనమే చూపిస్తూ పలక మీద కోసే గీతలు, అవి కూడా కొటేషన్‌లో ఉండాలి. మందానికి 24 నుంచి 30 రెట్ల దూరంలో ఒక్కో కోత, అంటే 5 అంగుళాలకి 10 నుంచి 12 అడుగులకి ఒకటి, మందంలో నాలుగో వంతు లోతు. మరుసటి రోజుకి ఆలస్యం చేయకుండా, అంచులు పెచ్చులూడనంత గట్టిపడగానే కోయాలి, లేకపోతే కాంక్రీటు తనకి నచ్చిన చోట బీట తీసుకుంటుంది. ఇంటి గోడకి తగిలే చోట మెత్తటి పట్టీ పెట్టించాలి. క్యూరింగ్‌కి, అంటే కాంక్రీటు తడి ఆరకుండా గట్టిపడటానికి, గట్లు కట్టి ఏడు రోజులు నీళ్లు నింపాం, ఆ వారం కారు రోడ్డు మీదే. ఇంకో చిన్న ఖర్చు, గేటు అవతల నుంచి ఇంటిదాకా రెండు ఖాళీ పీవీసీ పైపులు కింద పెట్టించి మూతలు వేయించాం. రేపు కేబుల్ వేయాలన్నా నీళ్ల లైను లాగాలన్నా దీన్ని మళ్లీ పగలగొట్టక్కర్లేదు.

డబ్బు ఒకేసారి ఇవ్వలేదు. మొదట కొంత, పగలగొట్టి కంకర పరిచాక కొంత, పోశాక కొంత, చివరి వాయిదా మాత్రం నీళ్లు పోసి చూశాకే అని కాగితం మీద రాసుకున్నాం. వాటం అడుగుకి పావు అంగుళం గేటు వైపు. పదో రోజు హోస్ పైపు తెచ్చి పై కొన నుంచి వదిలాను, నాన్న కుర్చీ వేసుకుని చూస్తున్నారు. నీళ్లు మొత్తం గేటు వైపే జారి కాలువలో పడ్డాయి, ఎడమ పక్క చక్రం దారిలో మాత్రం అరచేయంత చోట ఆగాయి. మేస్త్రీ వచ్చి గ్రైండర్‌తో ఆ చోటుకి గేటు వైపు ఉన్న అంచుని చిన్నగా అరగదీశారు, మళ్లీ వదిలితే జారిపోయాయి. చివరి వాయిదా అక్కడే చేతిలో పెట్టేశాను.