పొద్దున్న పుక్కిలిస్తే నీళ్లు నిలవలేదు

పోయిన ఏడాది, నెలగంట పెట్టిన ఐదో రోజు. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచాను, ముగ్గు పెట్టి గుడికి వెళ్లాలి కదా. మా రాజమండ్రిలో ఆ వారమంతా మంచు బాగా పడింది, గోదావరి వైపు నుంచి వచ్చే గాలికి వీధి లైటు కూడా మసకగానే కనిపిస్తోంది. పళ్లు తోముకుని పుక్కిలించబోతే నీళ్లు నోట్లో నిలవలేదు, ఎడమ పక్క నుంచి ధారగా కారిపోయాయి. చలికి మూతి బిగుసుకుపోయిందేమో అనుకుని మళ్లీ పోసుకున్నాను, మళ్లీ కారిపోయాయి. అప్పుడు లైటు వేసి అద్దంలో చూసుకున్నాను. కుడి పక్క నా మొహమే. ఎడమ పక్క మాత్రం తడిసిన గుడ్డలా కిందికి జారి ఉంది. ఎడమ కన్ను మూద్దామంటే రెప్ప దిగలేదు, గుడ్డు పైకి తిరిగి తెల్లగా కనిపించింది.

నాకు అప్పటికి 47 ఏళ్లు. మా అమ్మమ్మ పక్షవాతం వచ్చి తొమ్మిదేళ్లు మంచంలో ఉంది, ఆవిడకి అన్నం తినిపించిన చేతులు నావి. అందుకే ఆ అద్దం ముందు నాకు కాళ్లలో బలం పోయింది. అబ్బాయి ఇంటర్ సెకండియర్, జనవరి చివర్లో జేఈఈ. అమ్మాయి వైజాగ్‌లో బీటెక్. అత్తయ్యగారికి రెండు మోకాళ్లూ నొప్పులు. నేను మంచాన పడితే వీళ్ల సంగతేంటి అన్నదే మొదటి ఆలోచన. రెండో ఆలోచన కూడా అదే. అబ్బాయిని "బాబూ" అని పిలవబోతే గాలి ఎడమ పక్కకి పోయి ఇంకేదో శబ్దం వచ్చింది.

నిజానికి మూడు రోజుల ముందే శరీరం చెబుతూ ఉంది. ఆదివారం నుంచి ఎడమ చెవి వెనక ఒకటే సలుపు. సోమవారం దగ్గర్లో ఉన్న ఒక డాక్టరుకి చూపిస్తే చలిగాలి పట్టిందమ్మా అని చెవిలో చుక్కల మందు, నొప్పి మాత్రలు రాసి పంపారు. మంగళవారం కాఫీ నీళ్లలా అనిపించి పాలవాడిని అనుమానించాను. కుక్కర్ విజిల్ వేస్తే చెవిలో సూది గుచ్చినట్టయింది. ఈ మూడూ ఒకదానికొకటి సంబంధం ఉన్నవని నాకెలా తెలుస్తుంది? ఇప్పుడు చదివేవాళ్లకి తెలియాలని రాస్తున్నాను.

మా అత్తయ్యగారు నన్ను చూసి గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చుండిపోయారు. తేరుకున్నాక, వాళ్ల ఊరి పక్కన ఎవరో ఆకు పసరు పోస్తారని, మూతి వంకరపోయిన వాళ్లకి మూడు పూటల్లో నయమవుతుందని, ఇప్పుడే బయల్దేరదామని అన్నారు. ఆవిడ తప్పేం లేదు, ఆవిడ కాలంలో ఉన్న దారి అదే. మావారు కారు తాళాలు చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు గుడికి పిలవడానికి పక్కింటి వదిన వచ్చింది. చేతికి ముగ్గుపిండి అలాగే ఉంది. నా మొహం చూసి ఒక్క క్షణం కూడా కంగారు పడలేదు. "అన్నయ్యా, పసరు సంగతి తర్వాత. ముందు పెద్దాసుపత్రికి పదండి. నేనూ వస్తున్నా, స్వెట్టర్ తెచ్చుకుంటా" అంది. వాళ్ల బంధువుల్లో ఒకాయన ఇలాగే ఊళ్లు తిరిగి తిరిగి పది రోజుల తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆ ఆలస్యానికి మొహం పూర్తిగా బాగవలేదట. ఆ మాట నాకు నెల తర్వాత చెప్పింది, ఆ రోజు చెప్పలేదు.

ఆసుపత్రిలో డాక్టరుగారు ముందు చేతులు రెండూ ముందుకి చాపమన్నారు, నడవమన్నారు, తర్వాత కనుబొమలు పైకెత్తమన్నారు. కుడి పక్క నుదుటి మీద గీతలు పడ్డాయి, ఎడమ పక్క నున్నగా ఉండిపోయింది. ఆయన మావారిని కూడా దగ్గరికి పిలిచి చూపించారు. మెదడులో స్ట్రోక్ వస్తే మామూలుగా నుదురు కదులుతూనే ఉంటుంది, కింద మూతి మాత్రం పడిపోతుంది, ఇక్కడ నుదురు కూడా పడిపోయింది కాబట్టి ఇది మొహానికి వెళ్లే నరం జబ్బు, బెల్స్ పాల్సీ అన్నారు. ఆ నరం చెవి వెనక ఎముకలో ఒక సన్నటి దారి గుండా వస్తుందట. వాచినప్పుడు అక్కడ చోటు లేక నలిగిపోతుంది. ఆ నరం దారిలోనే నాలుక ముందు భాగానికి రుచి తెలిపే తీగ, చెవిలో పెద్ద శబ్దాన్ని తగ్గించే చిన్న కండరానికి వెళ్లే తీగ ఉంటాయి. కాఫీ రుచి పోవడం, కుక్కర్ విజిల్ గుచ్చుకోవడం అందుకే. చలిగాలి వల్లేనా అని వదిన అడిగితే, అలా అని తేలలేదమ్మా, ఒంట్లో దాగి ఉన్న వైరస్ మళ్లీ లేవడం వల్ల కావచ్చని అనుకుంటున్నారు, షుగర్ ఉన్నవాళ్లకి ఎక్కువగా వస్తుంది అన్నారు. అదే రోజు రక్తం తీస్తే నాకు షుగర్ ఉన్నట్టు బయటపడింది. అది ఎన్నాళ్లుగా ఉందో నాకు తెలియదు. పిల్లలకి, అత్తయ్యగారికి చేయించిన పరీక్షలన్నీ ఫైళ్లలో ఉన్నాయి, నాది మాత్రం అబ్బాయి పుట్టినప్పటిదే ఆఖరిది.

స్టెరాయిడ్ మాత్రలు పది రోజులు, మొదటి ఐదు రోజులు ఎక్కువ, తర్వాత తగ్గిస్తూ. మూతి పడిపోయిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే దాని ఫలితం బాగుంటుందని, మీరు మూడు గంటల్లో వచ్చారని డాక్టరుగారు అంటే వదిన నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆ మాత్రలు షుగర్ పెంచుతాయి కాబట్టి రోజుకి రెండుసార్లు చూసుకోమన్నారు. చాలామందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో నయమవుతుందన్నారు. అంతకంటే గట్టి మాట ఇవ్వలేదు, అది నాకు నచ్చింది.

అసలు కష్టం కంటిది. రెప్ప పడకపోతే కన్ను ఎండిపోతుంది, నల్లగుడ్డు మీద పుండు పడే ప్రమాదం ఉంది. పగలు గంటగంటకీ చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ పెట్టి రెప్ప మూసి టేపు అతికించాలి. ఆ పని మావారు చేశారు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన నా జ్వరానికి మాత్రలు తెచ్చివ్వడం తప్ప ఇంకేం చేసినట్టు గుర్తులేదు, అలాంటిది ప్రతి రాత్రి చేతులు కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, టేపు కొలిచి కత్తిరించేవారు. రెప్ప మీద వేలు పెట్టేటప్పుడు ఊపిరి బిగపట్టేవారు. నేను అది విన్నాను. అబ్బాయి నాకు వినపడకుండా ఉండాలని మిక్సీని పెరట్లోకి తీసుకెళ్లి పచ్చడి రుబ్బేవాడు.

ఇంట్లో వాళ్ల ముందు పర్వాలేదు. బయటికి మాత్రం నేను రాలేదు. హరిదాసు వస్తే బియ్యం అత్తయ్యగారు వేశారు. వాకిట్లో ముగ్గు లేదు. తింటే మెతుకులు ఎడమ దవడ దగ్గర ఇరుక్కునేవి, నీళ్లు స్ట్రాతో తాగాలి, అందుకని ఎవరి ముందూ తినేదాన్ని కాదు. మా నలుగురికీ పొద్దున్న గుడిలో తిరుప్పావై, తర్వాత మా అరుగు మీద ఒక పావుగంట కూర్చోవడం ఏళ్లుగా అలవాటు. వదిన, బ్యాంకులో చేసే ఆవిడ, కర్రీ పాయింట్ నడిపే అక్క, నేను. అందరం నలభై దాటి యాభై దగ్గర పడుతున్నవాళ్లం. నేను ఫోన్ ఎత్తడం లేదని మూడో రోజు ముగ్గురూ ప్రసాదం గిన్నెతో ఇంటికే వచ్చారు. నేను కొంగు మొహం మీదకి లాక్కున్నాను. అక్క వచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. "కొంగు తియ్యవే. డాక్టరు ఏం ఎక్సర్‌సైజులు చెప్పారో చెప్పు, అందరం చేద్దాం" అంది.

బుగ్గలు ఉబ్బించాలి, పెదాలు ముందుకి సున్నాలా చుట్టాలి, కనుబొమలు ఎత్తాలి, ప ఫ బ భ మ అనాలి. నేను ఒక్కదాన్నే అద్దం ముందు చేసినప్పుడల్లా ఏడుపు వచ్చి మానేసేదాన్ని. ఆ రోజు నలుగురం చాప మీద కూర్చుని చేశాం. వదిన ఒక వరుస కూడా పెట్టింది, పప్పు, బొప్పాయి, మామిడిపండు, బొమ్మ. ఒకరు అంటే మిగతావాళ్లు అనాలి. నాకు ఒక్కటీ సరిగ్గా రాలేదు. ఎవరూ నవ్వలేదు, జాలిగా కూడా చూడలేదు, నా వంతు వచ్చినప్పుడు నేను పూర్తి చేసేదాకా ఆగారు. అలా ఆగడం ఎంత పెద్ద సాయమో అది పొందినవాళ్లకే తెలుస్తుంది.

నా మొహం తెరిచి పెట్టాక వాళ్లవీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఇంత చలిలో అర్ధరాత్రి ఒళ్లంతా మంట పుట్టి దుప్పటి విసిరేసి ఫ్యాన్ వేసుకుంటున్నానని, ఆయన విసుక్కుంటున్నారని అక్క చెప్పింది. ఆ చెమటలు, ఆ వేడి నెలసరి ఆగిపోయే రోజుల్లో వచ్చేవేనని తెలియక గుండె జబ్బేమో అని రెండు నెలలు భయపడిందట. బ్యాంకు ఆవిడ 41 ఏళ్లకే గర్భసంచి తీయించుకున్నానని, తర్వాత ఏడాది పాటు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదని చెప్పింది. ఆ ఏడాదంతా ఆవిడ మాతో గుడికి వచ్చింది, మా పక్కనే నించుంది. మేము గమనించలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. వదిన ఏమీ చెప్పలేదు, లేచి వెళ్లి అందరికీ టీ పెట్టింది. మర్నాటి నుంచి రోజూ వచ్చారు.

మొహం కండరాలకి కరెంటు పెట్టించమని ఒకరు, జాజికాయ అరగదీసి పట్టు వెయ్యమని ఒకరు ఫోన్లు. డాక్టరుగారు వద్దన్నారు, మానేశాం. షుగర్ ఆ పది రోజులూ బాగా పెరిగింది, మాత్రలు ఆపాక దిగింది.

పద్దెనిమిదో రోజు మూతి ఎడమ కొసలో చిన్న అదురు. ముందు అబ్బాయే చూశాడు, లెక్కల పుస్తకం పడేసి వచ్చి "అమ్మా, మళ్లీ అను" అన్నాడు. మళ్లీ అన్నాను. కొంచెం కదిలింది. వాడు ఆ వయసు పిల్లాడిలా కాకుండా చిన్నప్పటిలా నా ఒళ్లో తల పెట్టేశాడు.

ధనుర్మాసం 27వ రోజు కూడారై. ఆండాళ్ పాశురంలో మోచేతి దాకా నెయ్యి కారే పాయసం గురించి ఉంటుంది కాబట్టి ఆ రోజు గుడిలో నెయ్యి బాగా పోసి పరమాన్నం చేస్తారు. ఆ రోజు నేను గుడికి వెళ్లాను. మఫ్లర్ చెవులకే చుట్టుకున్నాను, మొహానికి కాదు. షుగర్ ఉంది కాబట్టి ఒక్క చెంచాడే పెట్టమన్నాను. నాలుక ముందు భాగంలో మూడు వారాలుగా ఏమీ తెలియని చోట బెల్లం తీపి తగిలింది, సన్నగా, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు. ఆ చెంచాడు ఎంతసేపు నోట్లో పెట్టుకున్నానో నాకే తెలియదు.

సంక్రాంతికి అమ్మాయి వచ్చింది. అరిసెలు అక్క వాళ్లింట్లోనే మాకూ కలిపి వండేశారు. కనుమ నాడు వచ్చిన బంధువుల్లో ఇద్దరు నా మొహం వంక చూసి గుసగుసలాడారు, అమ్మాయి నా పక్కన వచ్చి నించుంది, అంతే. జనవరి ఆఖరుకి కన్ను మూతపడింది, టేపు మానేశాం. మార్చి దాటేసరికి ఫోటోలో తేడా తెలియనంత అయ్యింది. బాగా అలిసిపోయిన రోజు నవ్వితే ఎడమ కన్ను మాత్రం కాస్త చిన్నదవుతుంది. నరం తిరిగి పెరిగేటప్పుడు తీగలు అటూ ఇటూ కలవడం వల్ల అలా ఉంటుందట. షుగర్‌కి మందు, సాయంత్రం గోదావరి గట్టు మీద నడక, రెండూ జరుగుతున్నాయి. వేసవిలో నలుగురం కలిసి వెళ్లి రక్త పరీక్షలు చేయించుకున్నాం. వదినకి థైరాయిడ్ అని తేలింది, ఆవిడ ఏమీ చెప్పకుండా టీ పెట్టిన రోజులకి కారణం అదేనేమో.

మొన్న మళ్లీ నెలగంట పెట్టారు. నాలుగున్నరకి వదిన ఫోన్ చేస్తుంది, ఎత్తగానే లేచావా అని అడగదు, "పప్పు, బొప్పాయి, మామిడిపండు, బొమ్మ" అంటుంది. నేనూ అంటాను. అప్పుడు "సరే, ముగ్గు గిన్నె తీసుకుని రా" అని పెట్టేస్తుంది.