సెవెన్త్ గ్రేడ్‌లో శాట్: రాయిస్తే రాయించండి, కోచింగ్ మాత్రం పెట్టకండి

టెక్సస్‌లో డాలస్ పక్కన, మా ఫ్రిస్కో, ప్లేనో వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా వేసవికి ముందు వచ్చే ప్రశ్న ఈసారి కూడా వచ్చేసింది. "మా పాప సెవెన్త్ గ్రేడ్, మ్యాథ్స్‌లో చాలా షార్ప్, ఇప్పుడే శాట్ రాయించమంటారా?" శాట్ అంటే ఇక్కడ హైస్కూల్ చివర్లో కాలేజీ అడ్మిషన్ల కోసం రాసే పరీక్ష. ఈ ప్రశ్న అడగడమే ఆలస్యం, సగం మంది ఏ కోచింగ్ సెంటర్ బాగుంటుందో చెబుతారు, మిగతా సగం పన్నెండేళ్ల పిల్లకి ఇప్పటినుంచే ఈ టెన్షన్ ఎందుకండీ అని క్లాసు పీకుతారు. అసలు ఆ మార్కుతో ఏం చేద్దామనుకుంటున్నారని మాత్రం ఎవరూ అడగరు. నేను అడిగితే గ్రూపు కాసేపు చప్పబడిపోయింది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. 1968లో బాల్టిమోర్‌లో జోసెఫ్ బేట్స్ అని పన్నెండేళ్ల కుర్రాడు, స్కూల్లో చెప్పేది ఏమాత్రం సరిపోక, జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో కంప్యూటర్ కోర్సుకి వస్తుండేవాడు. అక్కడి సైకాలజీ ప్రొఫెసర్ జూలియన్ స్టాన్లీ వాడికి రకరకాల పరీక్షలు పెట్టించాడు, అందులో శాట్ కూడా ఉంది. స్కోరు చూశాక హైస్కూళ్ల చుట్టూ తిరిగి, పై క్లాసుల్లో కూర్చోనివ్వమని అడిగితే ఎవరూ ఒప్పుకోలేదు, చివరికి పదమూడేళ్లకి హాప్‌కిన్స్‌లోనే చేర్పించాడు. పదిహేడేళ్లకి బేట్స్ కంప్యూటర్ సైన్స్‌లో బ్యాచిలర్స్, మాస్టర్స్ రెండూ పూర్తి చేశాడు. స్టాన్లీ 1971లో ఇలాంటి పిల్లల మీద పెద్ద అధ్యయనమే మొదలుపెట్టాడు, 1979లో హాప్‌కిన్స్‌లో దీనికోసం ప్రత్యేకంగా సెంటర్ వచ్చింది, మరుసటి ఏడు డ్యూక్ యూనివర్సిటీ కూడా అలాంటి ప్రోగ్రామే మొదలుపెట్టింది. మన టెక్సస్ పిల్లలు చాలాకాలం ఈ డ్యూక్ వాళ్ల ద్వారానే ఏడో గ్రేడులో శాట్ రాసేవాళ్లు. కోవిడ్ టైములో ఆ ప్రోగ్రామ్ ఆగింది, తర్వాత మూతపడింది. ప్రోగ్రామ్ పోయింది కానీ సెవెన్త్‌లో శాట్ రాయించాలన్న మాట మాత్రం మన పార్టీల్లో అలాగే ఉండిపోయింది.

స్టాన్లీ లెక్క చాలా సింపుల్. క్లాసు పరీక్షలో ఇద్దరికీ 99 వస్తే ఇద్దరూ ఒకటేనని అర్థం కాదు. ఐదు కిలోల వరకే తూచే కాటా మీద ఏడు కిలోల మూట పెట్టినా పది కిలోల మూట పెట్టినా ముల్లు ఒకచోటే ఆగుతుంది. అందుకే పెద్దవాళ్ల పరీక్ష పెట్టాడు. ఇక్కడ మనవాళ్లు పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ పిల్లలకి అప్పటికి ఆల్జీబ్రా ఎవరూ సరిగ్గా చెప్పలేదు. చెప్పని లెక్కని ఎలాగోలా తిప్పలుపడి బుర్రతో చేశారు కాబట్టే ఆ మార్కుకి విలువ. హైస్కూల్ సీనియర్‌కి అదే ప్రశ్న నేర్చుకున్నది గుర్తుందా లేదా అని అడుగుతుంది, పన్నెండేళ్ల పిల్లకి అదే ప్రశ్న ఆలోచించగలవా అని అడుగుతుంది. ఇప్పుడు ఆ పిల్లని ఆరో గ్రేడు నుంచి వీకెండ్ క్లాసులకి పంపి, ఆల్జీబ్రా టూ పూర్తి చేయించి, పాత పేపర్లన్నీ చేయించి కూర్చోబెడితే మనం కొలిచేది ఏమిటి? మనం కట్టిన ఫీజు.

పైగా పరీక్ష కూడా అప్పటిది కాదు. శాట్‌లో కాలిక్యులేటర్ వచ్చిందే 1994లో. 1995లో స్కోరు స్కేలునే మార్చారు, 2016లో మళ్లీ మార్చారు, 2024 మార్చి నుంచి ఇక్కడ మొత్తం డిజిటల్. రెండు గంటల పద్నాలుగు నిమిషాలు, లాప్‌టాప్‌లో బ్లూబుక్ యాప్, మ్యాథ్స్ అంతటికీ డెస్మోస్ కాలిక్యులేటర్ స్క్రీన్ మీదే ఉంటుంది. క్వాడ్రాటిక్ ఈక్వేషన్ అంటే ఏంటో తెలియకపోయినా గ్రాఫ్ గీయించి, గీత ఎక్కడ తాకిందో చూసి జవాబు పెట్టేయొచ్చు. కోచింగుల్లో నేర్పేది ముందు అదే. అలాంటప్పుడు పాత రోజుల్లో పదమూడేళ్లలోపు మ్యాథ్స్‌లో 800కి 700 దాటితే అసాధారణం అన్న కొలతని పట్టుకొచ్చి, మనవాడికి 710 వచ్చింది కాబట్టి మనవాడూ అంతే అనుకోవడం కుదరదు.

ఇంకో చిక్కు మార్కుని చదవడంలో ఉంది. నా స్నేహితుడి కూతురు ఏ ప్రిపరేషనూ లేకుండా రాసింది, వెయ్యికి కాస్త అటూ ఇటూ వచ్చింది. వాళ్ల నాన్నమ్మ హైదరాబాద్ నుంచి ఫోన్‌లో "పదహారొందలకి వెయ్యేనా?" అంది. 2024లో హైస్కూల్ పూర్తి చేసిన బ్యాచ్‌లో శాట్ రాసినవాళ్ల సగటు 1024. అంటే ఏడో తరగతి పిల్ల కాలేజీకి వెళ్లబోయే వాళ్ల మధ్యలో నిలబడిందన్నమాట. ఈ ముక్క ముందే ఇంట్లో అందరికీ చెప్పి ఉంచకపోతే, బ్రహ్మాండంగా రాసిన పిల్ల కూడా తప్పినట్టు మొహం పెట్టుకుని తిరుగుతుంది. నేను అడిగితే మాత్రం, "అంకుల్, అక్కడ గడ్డాలున్న అబ్బాయిలు కూడా మధ్యలో కళ్లు మూసుకుని కూర్చున్నారు, నాకొక్కదానికే రాదు అనుకున్నా" అని నవ్వింది. ప్రతి టెస్టులోనూ తొంభైతొమ్మిది తెచ్చుకునే పిల్లకి తెలియని ప్రశ్న ఎదురైతే దాంతో ఎలా కూర్చోవాలో తెలియడం, నాకైతే ఆ వెయ్యి కంటే ఇదే ఎక్కువ అనిపించింది. అందరూ అలా నవ్వరనుకోండి. పెన్సిల్ విరిగితే కూడా కన్నీళ్లు పెట్టుకునే పిల్లలున్నారు, వాళ్లని పంపొద్దు.

మనవాళ్లకి ఇది ఎందుకు కష్టమో నాకు అర్థమవుతుంది. మనం ఎంసెట్ ర్యాంకు మీద బతుకు మారిన తరం. పరీక్ష అంటే మనకి ర్యాంకే. ఊళ్లో ఇప్పటికీ ఆరో క్లాసు నుంచి ఐఐటీ ఫౌండేషన్ నడుస్తోంది, కాకపోతే అక్కడ అసలు పరీక్ష ముందే రాసే దారి లేదు. నీట్‌కి పదిహేడేళ్లు నిండాలి, జేఈఈకి ఇంటర్ ఉండాలి. పరీక్షని ముందుకు జరపలేరు కాబట్టి కోచింగుని ముందుకు జరిపారు. ఇక్కడ పరీక్షే ముందు రాయొచ్చు అనేసరికి మనం రెండూ ముందుకు జరిపేశాం.

మళ్లీ మొదటి ప్రశ్నకొస్తాను, ఆ మార్కుతో ఏం చేస్తారు? కాలేజీలు దాన్ని చూడవు. ఎనిమిదో గ్రేడులోపు రాసిన స్కోరుని, అడిగితే తప్ప, శాట్ పెట్టే కాలేజ్ బోర్డు మామూలుగా రికార్డులో ఉంచదు కూడా. స్కూల్లో పై క్లాసు మ్యాథ్స్ ఇప్పించడానికి అంటారా, దానికి టెక్సస్‌లో ఇంతకంటే నేరుగా వెళ్లే దారి ఉంది. క్రెడిట్ బై ఎగ్జామ్. ఆ కోర్సు ఎప్పుడూ చదవకపోయినా పరీక్షలో 80 శాతం తెచ్చుకుంటే ఆ కోర్సు దాటేయొచ్చు, చట్టంలోనే ఉంది, కౌన్సెలర్‌ని అడగాలి అంతే. అయితే అందరు కౌన్సెలర్లూ దీన్ని వాళ్లంతట వాళ్లు చెప్పరు, మీరు పేరు పెట్టి అడగండి. శాట్ మంచిగా రాసిందని తీసుకెళ్తే "వెరీ నైస్" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. కేవలం తెలుసుకుందామనుకుంటే ఎనిమిదో గ్రేడులో స్కూలు పెట్టే పీశాట్ 8/9, అంటే ఎనిమిది, తొమ్మిది గ్రేడుల కోసం ఉన్న చిన్న శాట్, చాలామందికి సరిపోతుంది, దాని స్కేలు 1440 దాకా ఉంది. అందులో కూడా స్కోరు పైకప్పుకి తగిలితే అప్పుడు శాట్ గురించి ఆలోచించండి.

మరి ఎవరికి పనికొస్తుంది? స్కూలు ఇస్తున్నదానికి పిల్ల ఎంత దూరంలో ఉందో నిజంగా అంతుచిక్కని ఇళ్లకి. సమ్మర్ ప్రోగ్రామ్ స్కోరు అడిగితే, ఆ ప్రోగ్రామ్‌కి పిల్ల తనంతట తాను వెళ్తానంటే. డెంటన్‌లో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్ క్యాంపస్‌లోనే ఉంటూ, హైస్కూల్ చివరి రెండేళ్లలోనే కాలేజీ కోర్సులు చదివించే టామ్స్ లాంటి చోటికి పదో గ్రేడు తర్వాత పంపే ఆలోచన ఉంటే, ఆ వేగానికి పిల్ల తట్టుకుంటుందా అని కాస్త ముందుగా చూసుకోవడానికి. పెద్ద స్కోరు వచ్చింది కదా అని పరుగెత్తించాల్సిన పని కూడా లేదు. ఆస్ట్రేలియాలో, ఇప్పుడు పేరుమోసిన గణిత శాస్త్రవేత్త అయిన టెరెన్స్ టావో ఎనిమిదేళ్లకి శాట్ మ్యాథ్స్‌లో 760 తెచ్చుకున్నాడు. వాళ్ల అమ్మానాన్నలు మర్నాడే యూనివర్సిటీలో పడేయలేదు, ఒక్కో సబ్జెక్టు ఒక్కో గ్రేడులో కూర్చోబెట్టి కొన్నేళ్లు ఎక్కువ సమయం హైస్కూల్లోనే ఉంచారు. డిగ్రీ, మాస్టర్స్ పదహారేళ్లకి వచ్చాయి, అది వేరే సంగతి.

రాయించాలని నిర్ణయించుకున్నవాళ్లకి నేను చెప్పేది: బ్లూబుక్‌లో ఉచితంగా ఇచ్చే ప్రాక్టీస్ టెస్టు ఒకటి చేయించండి, యాప్ అలవాటవడానికి. పాస్‌పోర్ట్ రెడీగా పెట్టుకోండి, డ్రైవింగ్ లైసెన్సు ఉండదు కదా. లాప్‌టాప్ ఛార్జింగ్, తినడానికి ఏదో ఒకటి. అంతకుమించి ఏమీ వద్దు. స్కోరు వచ్చాక దాచుకోండి, గ్రూపులో పెట్టకండి.

మా వాడి సంగతి అడుగుతున్నారు కాబట్టి అదీ చెప్పేస్తాను. వాడు వచ్చే ఏడు సెవెన్త్. శాట్ రాయించడం లేదు. వాడికి మ్యాథ్స్ క్లాసు బోర్ కొడుతోందని మాకూ తెలుసు, వాళ్ల టీచర్‌కీ తెలుసు, ఇంకో పరీక్షతో తెలుసుకోవాల్సింది ఏమీ లేదు. ఈ సమ్మర్‌లో క్రెడిట్ బై ఎగ్జామ్‌కి పేరు ఇచ్చాం, 80 రాకపోతే ఉన్న క్లాసులోనే ఉంటాడు.